బయ్యన్న పక్కన పదకొండేళ్లు

"పామిడికి లైన్ దొరుకుతాదా?"

"పెన్నలో నీళ్లొచ్చిన దినం దొరుకుతాది."

అనంతపురం క్లాక్ టవర్ దగ్గరున్న ఎస్టీడీ బూత్‌లో ఆ మాట అడిగినవాడు విజయభాస్కర్. జవాబిచ్చినవాడు మద్దిలేటి. పైకి చూస్తే బూత్ ఓనరు, చెవిమీద పెన్సిలు, మెడలో తువ్వాలు. లోపల ఇంటెలిజెన్స్ డీఎస్పీ. పెన్నలో నీళ్లు చివరిసారి ఎప్పుడు పారాయో ఇద్దరికీ గుర్తులేదు. అందుకే ఆ జవాబును ఎవడూ పొరపాటున కూడా చెప్పడని డిపార్ట్‌మెంట్ ధీమా.

అది 2002 జూన్. వరసగా మూడో కరువు.

విజయభాస్కర్ అద్దాల గదిలోకి దూరి తలుపేసుకుని రిసీవర్ ఎత్తాడు. అటువైపు మాట్లాడేది ఢిల్లీ కాదు, హైదరాబాదూ కాదు. అద్దానికి ఇవతల, నాలుగడుగుల దూరంలో బల్ల దగ్గర కూర్చున్న మద్దిలేటే. ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా మాట్లాడుకోవడానికి చేసిన ఏర్పాటది. సర్కారువారు ఇచ్చిన గాడ్జెట్లలో సరిగ్గా పనిచేసేది ఇదొక్కటే. జేబు పెన్నులో దాచిన రికార్డర్ ఈ జిల్లా ఎండకు తట్టుకోలేక రెండేళ్ల కిందటే కన్నుమూసింది.

"రేపు మీ బయ్యన్నను ఏసేస్తారప్పా," అన్నాడు మద్దిలేటి.

"ఎవురు?"

"సాలెగూడు."

సాలెగూడు అన్నది డిపార్ట్‌మెంట్ పెట్టిన కోడ్‌నేమ్. ఆ ముఠాకు ఖజానా బయటిదేశపు వజ్రాల నగరం ఆంట్‌వర్ప్‌లో, ఆఫీసు దుబాయ్‌లో, ముసుగుగా ఒక మైనింగ్ కంపెనీ బెంగళూరులో. అనంతపురం జిల్లా ఎర్రనేలల్లో తొలకరి పడితే జనం వజ్రాలు వెతుక్కుంటారు. ఏళ్లకొకడికి ఒక రాయి దొరుకుతుంది. సాలెగూడుకు అలా ఏరుకునే ఓపిక లేదు. పద్దెనిమిది ఊళ్లు ఖాళీ చేయించి భూమిని అడుగుదాకా తవ్వుకుంటానని లీజుకు ఫైలు పెట్టింది. గనుల మంత్రి బయ్యన్న ఆ ఫైలు మీద 'వీలుకాదు' అని రాసి తిప్పికొట్టాడు. ఆ మాట రాయమని సలహా ఇచ్చింది విజయభాస్కరే.

"బాంబు పేలితే ఎవురి మీదికి పోతాది?" మద్దిలేటి గొంతు చల్లగా ఉంది. "ఎదుటి పార్టీ మీదికి. ఫ్యాక్షన్ అంటారు. రెండూళ్లు తగలబడతాయి. ఫారినోడి పేరు ఎవుడూ ఎత్తడు. కొత్త మంత్రి వస్తాడు, సంతకం పెడతాడు."

"టూర్ క్యాన్సిల్ చేయిస్తా."

"చేయించాకు. బటన్ నొక్కేటోణ్ణి చేతిలో రిమోట్‌తో పట్టల్లని ఆర్డర్. మంత్రి రాకుంటే వాడూ రాడు."

"అంటే మా అన్నను ఎర వేస్తాండారు."

"నేను అన్లేదు. పైవాళ్లు అన్నారు." మద్దిలేటి పెన్సిలు తీసి బిల్లు పుస్తకంలో ఏదో గీస్తున్నట్టు నటించాడు. "ఇంగోమాట. నీ కవర్, ఈ దొంగ వేషం, పదకొండేండ్లది. పగలగొట్టుకున్యావో, వాళ్లింటి గుట్టంతా మోసింది నువ్వేనని తెలుస్తాది. బయ్యన్న సంగతి నీకి నేను చెప్పల్నా? మధ్యాహ్నం పామిడి బ్రిడ్జి కింద ఆయమ్మ ఉంటాది. పో."

విజయభాస్కర్ బయటకొచ్చి ఎండలో నిలబడ్డాడు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పట్టలేడు సరే, ఆ ఇంటి అన్నం తిని ఆ ఇంటివాడే అయిపోయిన దొంగ గతేమిటో ఆ సామెత చెప్పదు.

పదకొండేళ్ల కిందట కొత్తచెరువు నుంచి తెలుగు లెక్చరర్‌గా వచ్చి, బయ్యన్నకు ఉపన్యాసాలు రాసిపెట్టే పనిలో చేరాడు. చేర్చింది ఇంటెలిజెన్స్. మొదట్లో ఉపన్యాసాలు. తరవాత పంచాయితీలు, టికెట్లు, పొత్తులు, పెళ్లి సంబంధాలు. బయ్యన్న ఎవరింట్లో భోంచెయ్యాలో, ఎవరి చావుకు వెళ్లాలో, ఎవరితో మాట్లాడకూడదో అన్నీ భాస్కరుడే చెప్పాలి. బయ్యన్న దేవుడేం కాదు. రెండు హత్యల్లో అతని పాత్ర ఎంతో విజయభాస్కరే ప్రతి శనివారం పంపే రిపోర్టుల్లో రాశాడు. అదే బయ్యన్న, విజయభాస్కర్ తల్లి పోయినప్పుడు మూడురోజులు కొత్తచెరువులో చాపమీద పడుకుని, పాడె భుజాన మోశాడు. ఆ శనివారం రిపోర్టు రాయడానికి కూర్చుంటే చెయ్యి ఆడలేదు. అయినా రాశాడు. తలుచుకున్నప్పుడల్లా తనమీద తనకే అసహ్యం వేస్తుంది.

పామిడి బ్రిడ్జి కింద పెన్న ఇసుక నిప్పులు చెరుగుతోంది. తెల్ల ఎస్టీమ్ కారు నీడలో నల్లద్దాలు పెట్టుకుని రెబెకా నిలబడి ఉంది. కత్తిరించిన జుట్టు, ఖరీదైన సెంటు. సాలెగూడు కంపెనీలో పీఆర్ మేనేజర్. ఇంటెలిజెన్స్‌కు డబుల్ ఏజెంట్. ఈమె నిజంగా ఎవరి వైపో డిపార్ట్‌మెంట్ ఇంకా తేల్చుకోలేదు.

"వచ్చినావా అన్నా," అంది.

బెంగళూరు పార్టీల్లో కోటీశ్వరులను డార్లింగ్ అని పిలిచే నోరది. పెన్న ఇసుకలో కాలు పెట్టగానే అన్నా అంటుంది. ఆమెది ఇక్కడికి మూడు మైళ్ల దూరంలోని పల్లె. తండ్రి వెంకటప్ప బావులు తవ్వే కూలి, బావిలోనే పోయాడు. ఖాళీ చేయించాల్సిన పద్దెనిమిది ఊళ్లలో ఆమె పల్లె కూడా ఉందని విజయభాస్కర్‌కు తెలుసు. డిపార్ట్‌మెంట్‌కు తేలని లెక్క అతనికి ఎప్పుడో తేలింది.

"యాడ?" అన్నాడు.

"రాళ్లకుంట. రేపు పొద్దున పదికి విత్తనం శనక్కాయలు పంచుతారు గదా, ఆడ."

"కారులో కాదా?"

"ఆరు సుమోల్లో ఆయప్ప ఏ బండెక్కుతాడో నువ్వు ఆఖరి నిమిషంలో చెప్తావంట గదా. నీ మీద మా వాళ్లకి భలే కోపం లే." నవ్వి, వెంటనే నవ్వు ఆపేసింది. "మనిషి మోసుకొని రాడు. బాంబు ముందే ఆడ ఉంటాది. పైనుంచి ఒకడు చూసి రిమోట్ నొక్కుతాడు. బొంబాయి మనిషి, తెలుగు రాదు. వారం నుంచి ఊర్లల్లో విత్తనాల లైన్లు తిరిగి చూసినాడు. నాకి తెలిసింది ఇంతే."

"నువ్వింక బెంగళూరికి పోవాకు, రెబెకా."

"పోకుంటే అనుమానం వస్తాది. అప్పుడు ప్లాను మార్చేస్తారు. నీకి చెప్పిందంతా వృథా." కారు తలుపు తీస్తూ ఆగింది. "మా అమ్మ నల్లమ్మ కనపడితే, నేను బాగుండానని చెప్పన్నా."

మర్నాడు పొద్దున ఏడింటికి, మంత్రి ఇంటి వసారాలో ఉండగా విజయభాస్కర్ సెల్‌ఫోన్ మోగింది. మద్దిలేటి రెండే ముక్కలు చెప్పాడు. హైవే మీద లారీ. ఎస్టీమ్ నుజ్జునుజ్జు.

ఆమె ఎవరి వైపో డిపార్ట్‌మెంట్‌కు అప్పుడు తేలింది. విజయభాస్కర్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. ఏడవడానికి కూడా కవర్ ఒప్పుకోదు.

లోపలి నుంచి బయ్యన్న కేక వేశాడు. "ఏం భాస్కరా, సంగటి సల్లారిపోతాంది. రా!"

బయ్యన్న భార్య లక్ష్మీదేవమ్మ ఇద్దరికీ రాగిసంగటి వడ్డించింది. విజయభాస్కర్ ముద్ద పక్కన పెట్టాడు.

"అన్నా, ఈ దినం రాళ్లకుంట వద్దు," అన్నాడు.

"ఏమిటికి?"

"బాంబు ఉండాదని తెలిసింది."

బయ్యన్న పకపకా నవ్వాడు. "వారానికి ఏడుమంది చెప్తారు నాకి, బాంబు బాంబని. ఆడోళ్లు రెండు దినాలుగా విత్తనానికి ఎండలో పడి ఉండారు. నేను పోకుంటే సావుకి భయపడి ఇంట్లో కూచున్యాడంటారు. ఎవురు చెప్పినారో చెప్పు, ఆలోచిస్తా."

"నాకి తెలిసినోళ్లు."

"నీకి తెలిసి నాకి తెలియనోళ్లు ఎవురుండారప్పా?"

దీనికి జవాబు ఒక్కటే. అది చెబితే పదకొండేళ్లు బూడిద. బయ్యన్న చెయ్యి కడుక్కుని లేచాడు.

రాళ్లకుంట గోడౌన్‌కు విజయభాస్కర్ నలభై నిమిషాలు ముందే చేరాడు. మంత్రి కంటే ముందు వెళ్లి చూసిరావడం ఎప్పుడూ అతని పనే. గోడౌన్ ముందు పెద్ద తూకం కాటా, దానిముందు తాడు కట్టిన చోటు, అక్కడినుంచి రోడ్డుదాకా విత్తనాల లైను.

లైనులో మనుషులు లేరు. కరువు జిల్లాలో విత్తనం కోసం నిలబడేది కాళ్లు కాదు. రాళ్లు, చెప్పులు, బిందెలు, రాయి కింద పెట్టిన పాస్‌బుక్కులు, తువ్వాళ్లు, టిఫిన్ క్యారియర్లు. నాలుగు వందల వస్తువులు ఒకదాని వెనక ఒకటి ఎండలో బుద్ధిగా ఉంటే, వాటి సొంతదారులు గోడ నీడన కూర్చున్నారు. ఎవరి రాయి వాళ్లదే. ఒకరి వస్తువు ఇంకొకరు ముట్టరు. ముట్టినవాడికి ఊళ్లో పరువు దక్కదు.

బాంబు పెట్టడానికి ఇంతకన్నా మంచిచోటు భూమ్మీద లేదు.

"లైన్ క్లియర్ చేయించలేదా?" అని ఎస్సైని అడిగాడు.

"చేయబోయినా సార్. ఆ రాయి కదిలిస్తే నీ చెయ్యి ఇరుస్తానని ఒక ముసల్ది మీదికొచ్చింది." ఎస్సై మొహం తుడుచుకున్నాడు. "మెటల్ డిటెక్టర్ పెడితే బిందెకీ కూతే, క్యారియర్‌కీ కూతే. ఆఫ్ చేసి జీపులో పడేసినా."

విజయభాస్కర్ తల ఎత్తాడు. గోడౌన్‌కు ఎదురుగా ఊరి వాటర్ ట్యాంకు. నీళ్లు ఎక్కి ఏడాది అయింది. దానిమీద ఒక పెయింటరు, తలకు గుడ్డ, చేతిలో బ్రష్షు. నీళ్లులేని ట్యాంకుకు మంత్రి వస్తున్నాడని రంగు. తను వచ్చినప్పుడు ఎక్కడుందో, బ్రష్షు ఇంకా అక్కడే ఆడుతోంది.

వాడే. గేటు దగ్గర మేకల బేరగాడి వేషంలో ఉన్న మద్దిలేటికి చెబితే మనుషులు నిచ్చెన ఎక్కుతారు. వాళ్లు సగం ఎక్కేసరికి వాడు నొక్కేస్తాడు. బాంబు అని అరిస్తే నాలుగువందల మంది తమతమ వస్తువుల కోసం లైను మీదికే పరిగెడతారు, అప్పుడూ నొక్కుతాడు. ముందు బాంబు ఏదో తెలియాలి. నాలుగు వందల్లో ఒకటి!

దూరాన పైలట్ జీపు సైరన్ వినపడింది. బయ్యన్న పది నిమిషాలు ముందే వచ్చేస్తున్నాడు. కాటా దగ్గరి గుమాస్తా కంగారుగా లేచి చప్పట్లు కొట్టాడు.

"మొదటి పదిమంది తాడు లోపలికి రాండమ్మా! మంత్రిగారు వస్తాండారు!"

నీడలో ఉన్న జనమంతా ఒక్కసారిగా లేచారు. ముందరి పదిమంది వస్తువులు చంకనేసుకుని తాడు లోపలికి వెళ్లారు. వెనకవాళ్లు అలవాటు ప్రకారం ఎవరి రాయిని వాళ్లు, ఎవరి బిందెను వాళ్లు కాలితో ముందుకు తోసుకుంటూ వచ్చారు. లైనుకు లైను గరగరమంటూ జరిగింది.

ఒక్కచోట ఆగిపోయింది.

నాలుగు గిన్నెల స్టీల్ క్యారియర్ ఒకటి ఎక్కడిది అక్కడే ఉంది. దాని ముందు పదిమంది పట్టే ఖాళీ. దాని వెనక మూడువందల ఎనభై పైచిలుకు వస్తువులు. మంత్రి నడిచివచ్చే దారికి అది మూరెడు దూరం. వారంరోజులు లైన్లు తిరిగి చూసిన బొంబాయి మనిషి రాళ్లు నిలబడటం చూశాడు. రాళ్లు నడుస్తాయని వాడికి తెలియదు.

దాని వెనక ఉన్న ఓబమ్మ అనే ముసలామె గొంతెత్తింది. "ఎవురిదమ్మా ఈ క్యారియరు? జరపండి, యాడ సచ్చినారు?"

ఎవరూ పలకలేదు. ఓబమ్మ దాన్ని తన్నడానికి కాలెత్తింది.

"అవ్వా, కాలు తీయి!" విజయభాస్కర్ ఒక్క అంగలో చేరాడు. "నేను జరుపుతా. నువ్వు ఎనక్కి పో. అందర్నీ నీడలోకి పొమ్మను. మంత్రి నీడలోనే మాట్లాడతాడంట."

"ముందే చెప్పేదానికేం రోగం!" ఓబమ్మ తిట్టుకుంటూ వెనక్కి తిరిగింది. ఆమె కేకలకు ఆడవాళ్లు గోడవైపు మళ్లారు.

అప్పటికే బయ్యన్న సుమో దిగాడు. తెల్ల పంచె, తెల్ల చొక్కా, రెండు చేతులూ ఎత్తి దండం. నలభై అడుగులు. ముప్పై అయిదు. ఇప్పుడు క్యారియర్ ఎత్తితే, మంత్రి దగ్గరికి వస్తున్నాడు కదా అని పైవాడు తొందరపడి నొక్కుతాడు. మంత్రి వెనక్కి పరిగెత్తినా నొక్కుతాడు. మంత్రి ఆగాలి. అనుమానం రాకుండా, తనంతట తాను ఆగినట్టు ఆగాలి. వద్దంటే ఆగని మొండిమనిషిని నిలబెట్టగల మాట ప్రపంచంలో ఒక్కటే ఉంది.

విజయభాస్కర్ ఎదురువెళ్లి, ఎప్పటిలాగే చెవి దగ్గర వంగాడు.

"అన్నా, నేను ఇంటెలిజెన్స్ మనిషిని. చేరిన దినం నుంచి. బాంబు సంగతి అట్ల తెలిసింది. ఆ క్యారియర్‌లో ఉండాది. అడుగు కదపాకు, నవ్వు ఆపాకు."

బయ్యన్న ఆగిపోయాడు. మొహమ్మీది నవ్వు అలాగే అతుక్కుని ఉంది, కళ్లు మాత్రం చచ్చిపోయాయి. బాంబుకు బెదిరే మనిషి కాదు. నిలబెట్టింది మొదటి మాట.

విజయభాస్కర్ వెనక్కి వచ్చాడు. రోడ్డు పక్క పడున్న ఖాళీ గోనెసంచి అందుకుని, ట్యాంకుకు వీపు అడ్డం పెట్టి క్యారియర్ దగ్గర గొంతుకూర్చుని, మెల్లగా దాన్ని సంచిలోకి తీసుకున్నాడు. ఆ జాగాలో చంకలోని తన ఫైలు పెట్టాడు. పైనుంచి చూసేవాడికి ఏదో ఒకటి కనపడితే చాలు. సంచి భుజాన వేసుకుని గోడౌన్ వెనక ఎండిపోయిన బావి వైపు నడిచాడు. పరిగెత్తలేదు. పరిగెత్తాలని ప్రతి ఎముకా మొత్తుకుంటోంది. నడిచాడు. ముప్పై అడుగులు. ఇరవై. రెబెకా తండ్రి బావిలో పోయాడన్న సంగతి ఎందుకో గుర్తొచ్చింది. పది.

ట్యాంకు మీద బ్రష్షు కిందపడింది, వాడి చేతిలోకి రిమోట్ వచ్చింది. "రేయ్!" మద్దిలేటి కేక వేశాడు. "విసిరేయప్పా!"

సంచి చెయ్యి దాటింది. సగం లోతు దిగిందో లేదో, బావి పేలింది.

ఓబమ్మకు గాని, లైనులో ఇంకెవరికి గాని గీత కూడా పడలేదు. విజయభాస్కర్ కుడిచేతి రెండు వేళ్లు, ఎడమ చెవి పోయాయి. ట్యాంకుకు ఒకటే నిచ్చెన, దానికింద కోపంతో మూడు వందలమంది ఆడవాళ్లు. బొంబాయి మనిషి చేతిలో రిమోట్‌తో పోలీసుల దగ్గరికే పోతానని హిందీలో బతిమాలుకున్నాడట.

అనంతపురం ఆస్పత్రిలో మూడోరోజు మద్దిలేటి యాపిల్ పళ్లతో వచ్చాడు. బెంగళూరు ఆఫీసుకు సీలు పడింది. దుబాయ్ ఆఫీసుకు తాళం పడింది. రెబెకా శవాన్ని నల్లమ్మకు అప్పగించారు. విజయభాస్కర్‌కు మెడల్ వస్తుంది, పేరు మాత్రం బయటికి రాదు. చెప్పాల్సింది చెప్పేసి, కుడిచెవి వైపు వంగి అడిగాడు. "బయ్యన్న వచ్చినాడా?"

"లేదు."

బయ్యన్న ఆ మధ్యాహ్నమే వచ్చాడు. గన్‌మన్లు లేరు, జనం లేరు. స్టూలు లాక్కుని కుడిచెవి వైపు కూర్చున్నాడు. కట్టుకట్టిన చేతివైపు చూశాడు.

"చేరిన దినం నుంచీనా?"

"అవునన్నా."

"నేను చెప్పినవన్నీ పోయినాయా?"

"పోయినాయి."

"మీయమ్మ సచ్చిపోయినప్పుడు నన్ను పట్టుకొని ఏడ్చినావే. అది?"

"అది నిజమే అన్నా. దేవుని సాక్షి."

"ఎట్ల నమ్మల్ల రా?" బయ్యన్న గొంతు వణికింది. అంతటి మనిషి గొంతు వణకడం విజయభాస్కర్ ఎన్నడూ వినలేదు. "నువ్వే చెప్పు, ఎట్ల నమ్మల్ల?"

విజయభాస్కర్ కళ్లు మూసుకున్నాడు. కన్నీళ్లు కట్టులోకి దిగాయి.

బయ్యన్న ఉత్తరీయంతో మొహం తుడుచుకున్నాడు. "నా ఇంట్లో ఒకడుండాడు భాస్కరా. నా ఉప్పు తిని నా గుట్టు మోసినాడు. వాడే నా పానం కాపాడినాడు. వాణ్ణి ఏం చేయల్లో నాకి తోచడంల్యా. ఇంటికి పిల్చుకపోదామా అనిపిస్తాది, నరుకుదామా అనిపిస్తాది. ఇట్లాటివన్నీ నేను నిన్నే గదా అడిగేది. ఇప్పుడూ నిన్నే అడుగుతాండా. ఏం చేయల్ల?"

ఇంటికి పిలుచుకుపో అన్న ఒక్కమాట చాలు. ఆ సంగటి, ఆ వసారా, ఆ మనిషి పక్కన చోటు అన్నీ తిరిగివస్తాయి. విజయభాస్కర్‌కు ప్రాణం పోయేంత ఆశ పుట్టింది. కానీ ఆ ఇంట్లో ఇక తన మాట ఎవరు వింటారు? గూఢచారిని పక్కన పెట్టుకున్నాడని బయ్యన్న మనుషులే బయ్యన్నను వదిలేస్తారు. ఆ తరవాత ఈ మనిషిని చంపడానికి ఆంట్‌వర్ప్ నుంచి ఎవరూ రానక్కర్లేదు. సలహాదారు అన్నవాడు అడిగినప్పుడు ఉన్నది చెప్పాలి.

"చంపాకన్నా," అన్నాడు. "కానీ మల్లా ఇంట్లోకి రానీయాకు. వాడు ఎంత ఏడ్చినా సరే, గడప తొక్కనీయాకు."

బయ్యన్న లేచాడు. పోయిన వేళ్ల చోటు కట్టు మీద ఒకసారి చెయ్యి వేసి వెళ్లిపోయాడు.

రాళ్లకుంట వద్దన్న మాట తప్ప, పదకొండేళ్లలో విజయభాస్కర్ చెప్పిన సలహా బయ్యన్న ఒక్కటి కూడా కాదనలేదు. దీన్నీ కాదనలేదు.